ఇంటి కాగితంలో ఆడబిడ్డ సంతకం

ఇల్లు కొనాలని సంఘంలో అప్పు అడిగే సభ్యులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అప్పు ఎంత, కంతు ఎంత అని అందరం బాగానే లెక్క చూస్తాం. కొనే ఇంటి కాగితం ఎక్కడినుంచి వచ్చింది, అందులో ఎవరి సంతకం లేదు అనేది మాత్రం తక్కువగా చూస్తాం. ఈ ఏడు నివేదికలో ఆ చరిత్ర కొంచెం రాస్తున్నాం.

మన పల్లెల్లో పాత చౌడుమిద్దెలు ఇంకా నిలబడి ఉన్నాయి. మూడు తరాలు వాటిలో పుట్టి పెరిగినా, చాలా ఇండ్లకు కాగితమే లేదు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చేసినాక, కలెక్టరు థామస్ మన్రో చేనుచేనుకూ కొలత వేయించి శిస్తు కట్టినాడు. సర్కారు కన్ను పండే చేనుమీద ఉండె. అందుకే చేనుకు లెక్క ఉంది, గ్రామకంఠంలోని ఇంటికి నోటిమాటే మిగిలింది.

అనంతపురం జిల్లా బళ్లారి నుంచి వేరుపడింది 1882లో. ఆస్తి బదలాయింపు చట్టం అమలుకొచ్చింది కూడా ఆ ఏడే. 100 రూపాయలు, అంతకు మించిన ఇల్లు గానీ స్థలం గానీ అమ్మితే రిజిస్టరు పత్రంతోనే అమ్మాలని ఆ చట్టం చెప్పింది. ఊర్లో జరిగింది వేరు. నలుగురు పెద్దమనుషుల ముందర కరణం ఒక కాగితం రాసి, అమ్మినాయన వేలిముద్ర వేస్తే ఇల్లు కొన్నట్టే. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. చేతిరాతను నమ్ముకున్నోళ్లకు అడగడానికి ఆ కరణం కూడా లేకుండా పోయినాడు.

ఇంక ఆడవాళ్ల సంగతి. పాత హిందూ ధర్మంలో, మొగుడు పోయిన ఆడమనిషి ఇంట్లో బతికినంత కాలం ఉండొచ్చు గానీ తన ఇష్టప్రకారం అమ్మే హక్కు లేదు. 1937 చట్టం భర్త ఆస్తిలో వాటా ఇచ్చినా, అదీ బతికినన్నాళ్లకే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో ఆడదాని ఆస్తి పూర్తిగా ఆమెదే అయింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికీ వాటా వచ్చింది.

అయితే ఆ చట్టంలోనే 23వ సెక్షన్ ఒకటి పెట్టినారు. కుటుంబం కాపురముండే ఇంటిని అన్నదమ్ములు పంచుకుంటే తప్ప ఆడవారసులు మా భాగం మాకివ్వండి అని అడగకూడదు. పెళ్లికాని కూతురో, మొగుడు వదిలేసిన కూతురో, విధవో అయితే ఉండనిస్తారు. కాపురం చేసుకుంటున్న కూతురికి ఆ హక్కూ లేదు. చేనులో వాటా అడగొచ్చు, పుట్టిన ఇంట్లో మాత్రం అడగకూడదు! మాకు తెలిసి ఆడవాళ్ల ఆస్తి చరిత్రలో ఇంతకన్నా విచిత్రమైన రాత లేదు.

1985లో మన రాష్ట్రం ముందుకొచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు అని చట్టం తెచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం బయటే ఉంచింది. 2005లో కేంద్రం పెళ్లయిన కూతుళ్లకూ ఇచ్చి, ఆ 23వ సెక్షన్‌ను తీసేసింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం అక్కచెల్లెళ్ల చట్టం వేరు, అందులో కూతురికి కొడుకు వాటాలో సగం.

ఈలోపల మన జిల్లాలో ఇంకో దారీ పడింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చినాక ఏర్పడిన ఆర్డీటీ కట్టించిన ఇండ్లు ఆడవాళ్ల పేరుమీదనే ఇచ్చినారు. 2000లో మన జిల్లాతో కలిపి ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగులో పేద ఆడవాళ్ల పేరున భూమి కొనిపెట్టే పని ఉండె. అమ్మేవాళ్లను వెతికి ధర మాట్లాడిన పనిలో సంఘాల ఆడవాళ్లే ఉన్నారు.

ఇప్పుడు ఇల్లు కొనేటప్పుడు ఈ చరిత్రంతా మన ముందుకొస్తుంది. ఈసీ తీస్తే రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు కనబడతాయి. అమ్మేవాని చెల్లెలు మాత్రం అందులో కనబడదు. అందుకే లింకు డాక్యుమెంట్లతో పాటు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగాల. పంచాయతీ ఇంటిపన్ను రశీదు హక్కు పత్రం కాదు. సర్కారు ఇచ్చిన డి-పట్టా స్థలమైతే 1977 చట్టం అడ్డం వస్తుంది. ఇంటిస్థలాలకు తర్వాత సవరణలు వచ్చినాయి కాబట్టి పట్టా ఏ ఏడు ఇచ్చినారో చూసి తహసీల్దారు ఆఫీసులో విచారించాల. 22-ఏ జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తెలుసుకోవాల.

ఇక్కడే మనకు ఇబ్బంది. కొనేటప్పుడు "మీ ఆడబిడ్డల సంతకాలు పెట్టించండి" అని గట్టిగా అడుగుతాం. మన పుట్టింటి ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం అన్న ఒక చీర పెడితే, పుట్టిల్లు దూరమవుతుందని భయపడి, చదవకుండానే సంతకం చేసి వస్తాం. వదులుకోవడం తప్పని మేము చెప్పడం లేదు. హక్కు విడుదల పత్రం అయితే రిజిస్టరు కావాల, ఏం వదులుకుంటున్నామో చదివించుకుని వినాల.

కొనే సభ్యులకు ఇంకొక్క మాట. పత్రం మీద సంతకమైన రోజునుంచి 4 నెలల్లోపల రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాల. అమ్మేవాని అక్క బెంగళూరు కూలికి పోయి ఉంటే, ఆమె వచ్చి సంతకం పెట్టేదాకా అడ్వాన్సుతోనే ఆగండి, మిగతా డబ్బు ఇవ్వద్దు.