తెలుగు నేలపై తొలి రాకెట్లు, దూరశ్రేణి క్షిపణులు

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సాగే ఆంధ్ర తీరానికి ఇటూ అటూ రెండు ప్రయోగ కేంద్రాలున్నాయి. దక్షిణాన తడకు చేరువలో శ్రీహరికోట, ఉత్తరాన ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో పైకి వెళితే బాలాసోర్ పక్కన చాందీపూర్. భారత తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి-3 మొదటి కేంద్రం నుంచి, తొలి దూరశ్రేణి క్షిపణి ‘అగ్ని’ రెండో కేంద్రం నుంచి లేచాయి. ఎస్.ఎల్.వి-3 రూపకల్పన తిరువనంతపురంలో జరిగితే, అగ్ని హైదరాబాద్‌లో తయారైంది.

దూరశ్రేణి క్షిపణికీ అంతరిక్ష రాకెట్టుకీ మూలం ఒకటే. జర్మనీ వి-2 రాకెట్టు 1942 అక్టోబరు 3న తొలిసారి విజయవంతంగా ఎగిరింది. ఖండాంతర క్షిపణిగా రూపొందించిన సోవియట్ ఆర్-7 రాకెట్టే 1957 అక్టోబరు 4న స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టింది. అమెరికా, రష్యాల్లో ముందు క్షిపణి, ఆ తర్వాత ఉపగ్రహం. మన దేశంలో వరస తిరగబడింది. శాంతి కోసం కట్టిన రాకెట్టులోని భాగం తర్వాత క్షిపణికి పునాది అయింది. ఈ చరిత్రలో గమనించాల్సిన అసలు విషయం ఇదే.

రక్షణ పరిశోధన విభాగం 1958లో ఢిల్లీలో చిన్న క్షిపణి బృందాన్ని ఏర్పాటు చేసింది. అది 1962లో హైదరాబాద్‌కు తరలి రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డి.ఆర్.డి.ఎల్.) అయింది. ఆ దశకంలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు సూరి భగవంతం. అంతకు ముందు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన తెలుగువాడాయన. 1970లలో ఈ ప్రయోగశాల ‘డెవిల్’ పథకం చేపట్టి, సోవియట్ విమాన విధ్వంసక క్షిపణి ఎస్.ఎ-2ను విప్పి చూసి, అలాంటిదే స్వదేశంలో తయారు చేయడానికి పూనుకుంది. క్షిపణి చేతికి రాకుండానే పథకం ముగిసిపోయింది. దాన్ని వృథా ప్రయాసగా కొట్టిపారేయడం అన్యాయం. ఆ పథకంలో నేర్చుకున్న ద్రవ ఇంధన ఇంజను పరిజ్ఞానమే తర్వాత ‘పృథ్వి’ క్షిపణికి ఊపిరి పోసింది.

అంతరిక్ష ప్రయోగాల కోసం శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి అది. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాలిపడే దశలతో జనావాసాలకు ముప్పు లేదు. తూర్పు దిక్కుగా ప్రయోగిస్తే భూభ్రమణ వేగమూ కలిసి వస్తుంది. యానాదులు తరతరాలుగా బతికిన ఈ దీవి నుంచి 1971 అక్టోబరు 9న ఆర్.హెచ్-125 అనే చిన్న పరిశోధక రాకెట్టు ఎగిరింది.

ఎస్.ఎల్.వి-3 నాలుగు దశలూ ఘన ఇంధనంతో పనిచేసేవే. పొడవు సుమారు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగంలో తొలి దశ చక్కగా మండింది. రెండో దశ మాత్రం అదుపు తప్పింది. రాకెట్టు దిశను సరిచేసే వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లాన్ని నియంత్రించే కవాటం ఒకటి మూసుకోలేదు. ఆమ్లం ముందే కారిపోవడంతో, అవసరమైన వేళకు దిశ మార్చే బలం లేకపోయింది. 317 సెకన్ల తర్వాత రాకెట్టు శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. 17 టన్నుల వాహనాన్ని ఒక కవాటం ముంచింది. విలేఖరుల ముందు బాధ్యత తీసుకుని మాట్లాడింది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. పథకం సంచాలకుడు అబ్దుల్ కలాంను ఆ రోజు ఆయన కాపాడకపోతే తర్వాతి కథ ఎలా ఉండేదో చెప్పలేం. 1980 జులై 18న ఎస్.ఎల్.వి-3 మీద 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. సొంత వాహకంతో ఉపగ్రహం పంపిన ఏడో దేశం భారత్.

కలాం 1982లో డి.ఆర్.డి.ఎల్.కు సంచాలకుడిగా వచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వం రూ. 388 కోట్లతో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమాన్ని మంజూరు చేసింది. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ ఇందులోవి. పృథ్విని 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచే పరీక్షించారు.

అగ్నికి సారథి ఆర్.ఎన్. అగర్వాల్. దీని మొదటి దశ ఎస్.ఎల్.వి-3 తొలి దశ నుంచి, రెండో దశ పృథ్వి ద్రవ ఇంధన ఇంజను నుంచి వచ్చాయి. అంటే అంతరిక్ష శాఖ, రక్షణ శాఖల శ్రమ ఒకే దేహంలో కలిసింది. కొత్తగా సాధించాల్సింది వాతావరణంలోకి తిరిగి ప్రవేశించే ముక్కు భాగం. ఉపగ్రహ వాహక నౌకకు ఆ బాధ లేదు, సరుకును పైన వదిలేస్తే పని అయిపోయినట్టే. క్షిపణి మాత్రం గాలి రాపిడికి వేల డిగ్రీల వేడి తట్టుకుంటూ లోపలి పరికరాలను చల్లగా ఉంచాలి. అందుకోసం కార్బన్ మిశ్రమ పదార్థంతో కవచం చేశారు. 1989 ఏప్రిల్, మే నెలల్లో ప్రయోగం రెండుసార్లు ఆగిపోయింది. చివరికి మే 22న చాందీపూర్ నుంచి అగ్ని లేచింది. 1992 పరీక్ష విఫలమైంది, 1994లో మళ్లీ గెలిచింది. 1999 ఏప్రిల్ 11న వచ్చిన అగ్ని-2 రెండు దశలూ ఘన ఇంధనంవే. ద్రవ ఇంధనం నింపే జాప్యం తప్పింది కాబట్టి సైన్యానికి అక్కరకొచ్చే ఆయుధమైంది.

ఉత్తరాంధ్ర సముద్రం ఈ చరిత్రలోకి ఆలస్యంగా వచ్చింది. 2008 ఫిబ్రవరి 26న విశాఖ తీరానికి ఆవల, నీట మునిగిన వేదిక నుంచి కె-15 క్షిపణిని పరీక్షించారు. దాన్ని మోసే అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న విశాఖలోనే జలప్రవేశం చేసింది.