సామాను కోసం కొనే కారు

సామాను కోసం కొనే కారు, అంటే డోనర్ కారు, రోడ్డు మీద తిప్పడానికి పనికొచ్చేది కాదు. అదే మోడల్‌కు చెందిన మరో కారును బాగు చేసుకోవడానికి, అందులోని ఇంజిన్, గేర్‌బాక్సు, తలుపులు, లైట్లు, సీట్లు విప్పుకొనేందుకు దాన్ని మొత్తంగా కొంటారు. యాక్సిడెంట్ అయినవి, వరదలో మునిగినవి, కాలం తీరి మూలన పడినవి ఇలా అమ్ముడవుతాయి. హైదరాబాదులో ఈ కొనుగోలు గురించి ఆలోచన ఎక్కువగా వానాకాలంలో, మైత్రీవనం లాంటి పల్లపు కూడళ్లలో బండి ఆగిపోయినప్పుడు మొదలవుతుంది.

మైత్రీవనం దగ్గర నీళ్లు

అమీర్‌పేటలో హుడా కట్టించిన మైత్రీవనం భవనం సాఫ్ట్‌వేర్ కోచింగులకు పేరు మోసింది. వానపడితే మాత్రం ఆ పేరు నీళ్లు నిలిచే చోటుగా వార్తల్లోకి వస్తుంది. యూసుఫ్‌గూడ, మధురానగర్ వైపు ఎత్తు ప్రాంతాల నుంచి దిగే వాన నీరు ఇక్కడికి చేరుతుంది. గట్టి వాన కురిస్తే కాసేపటికే బంపర్ల ఎత్తుకు వస్తుంది. 2020 అక్టోబర్ 13 నాటి కుండపోతకు నగరంలోని అనేక కాలనీల్లో, సెల్లార్లలో పెట్టిన కార్లు కూడా మునిగాయి.

నీళ్లలో ఆగిన బండికి అసలు నష్టం చాలాసార్లు ఆ తర్వాతే జరుగుతుంది. గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్‌లోకి నీరు చేరుతుంది. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. అప్పుడు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి విరిగి బ్లాకును పగలగొడుతుంది. అందుకే ఇంజిన్ నీళ్లు తాగిందన్న అనుమానం ఉంటే తాళం తిప్పకూడదు. బండిని తోసుకుంటూ పక్కకు తెచ్చి, బ్యాటరీ కనెక్షన్ తీసేసి, టోయింగ్ బండి మీద షెడ్డుకు పంపాలి. ఇలా చేసినవారికి కొన్నిసార్లు ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కార్పెట్ల ఖర్చుతోనే పని తీరిపోతుంది. సెల్ఫ్ కొట్టినవారు ఇంజిన్ వెతుక్కోవాల్సి వస్తుంది. సాధారణ సమగ్ర పాలసీ ఉన్నా, ఇంజిన్ రక్షణకు విడిగా ప్రీమియం కట్టకపోతే ఈ రకం నష్టాన్ని కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

లెక్క

కారు మీద ప్రేమ ఎంత ఉన్నా, రిపేరు సబబేనా అన్నది మూడు అంకెలతో తేలుతుంది. బాగయ్యాక బండికి మార్కెట్లో వచ్చే ధర, షెడ్డువారు ఇచ్చిన ఎస్టిమేట్, ఇన్సూరెన్సులో రాసిన బండి విలువ, అంటే ఐడీవీ. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బీమా కంపెనీలు దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తాయి. ఉదాహరణకు ఐడీవీ రూ.2,00,000 అయితే ఆ గీత రూ.1,50,000 దగ్గర ఉంటుంది.

గీత దాటకపోయినా బిల్లు మొత్తం కంపెనీ కట్టదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ, టైర్లకు సగం కోత పెడుతుంది. లోహపు భాగాలకు కోత బండి వయసును బట్టి పెరుగుతుంది. అయిదు నుంచి పదేళ్ల కారుకు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. ఆరేళ్ల కారుకు రూ.20,000 కొత్త తలుపు వేస్తే రూ.8,000 యజమాని జేబులోంచి పోతుంది. ఇలాంటి తరుగు కోత పెట్టని జీరో డిప్ పాలసీ ఉన్నవారికి ఈ బాధ చాలావరకు ఉండదు. లేనివారికి పాత సామాను వైపు చూపు మళ్లేది ఇక్కడే.

రాణీగంజ్, జాంబాగ్ దుకాణాల్లో సామాను విడిగా దొరుకుతుంటే బండి మొత్తం ఎందుకు కొనాలన్నది న్యాయమైన ప్రశ్న. ఒకటి రెండు భాగాలే కావాలంటే కొనకూడదు. బండి మొత్తం కొంటే టోయింగ్, విప్పే కూలి, నెలల తరబడి నిలిపే చోటు కూడా కొన్నట్టే. అమీర్‌పేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో తిరిగే కారుకే పార్కింగ్ కరువు. అయిదారు పెద్ద భాగాలు ఒకేసారి కావలసి ఉండి, మిగిలినవి కొనేవాళ్లు ముందే కనిపిస్తుంటేనే ఈ బేరం గిట్టుబాటవుతుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నది కూడా చూడాలి. ఇంజిన్ పోయిన బండికి వెనక భాగం దెబ్బతిన్న కారు సరైన జోడీ, దాని ముందు భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. ముందు భాగం నుజ్జయిన బండికి వరద కారు బానెట్, ఫెండర్లు, తలుపులు ఇస్తుంది. వరద కారులోని వైరింగ్, సెన్సర్లు, కంప్యూటర్లను మాత్రం ముట్టుకోకపోవడం మేలు. కనెక్టర్లలో చేరిన తేమ నెలల తర్వాత పచ్చటి తుప్పుగా బయటపడుతుంది. ఇంజిన్ కంప్యూటర్ తప్పనిసరిగా కావాలంటే ఇమ్మొబిలైజర్, తాళం చెవితో కలిపి తీసుకోవాలి. లేకపోతే బండి స్టార్ట్ కాదు.

ఏ మోడళ్లకు

ఉత్పత్తి ఆగిన కార్లకే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ 2014లో ఆగింది. మారుతి 800ను హైదరాబాదుతో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచి అమ్మడం మానేశారు, 2014లో తయారీయే నిలిచిపోయింది. షెవర్లే 2017 చివర్లో భారత అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడి తయారీకి స్వస్తి ప్రకటించింది. ఇలాంటి బండ్లకు కొన్ని బాడీ భాగాలు, లోపలి ట్రిమ్ముల కోసం ఎదురుచూడటం కన్నా ఒక బండిని విప్పుకోవడమే నయం. షోరూములో నేటికీ అమ్ముతున్న మోడల్‌కు ఇదంతా చాలావరకు వృథా శ్రమ.

కాగితాలు

చవక ధర చూసి కాగితాలు అడగకపోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. దొంగ బండ్ల విడిభాగాల అమ్మకాలకు అపకీర్తి తెచ్చుకున్న మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్‌ను 2021 డిసెంబర్‌లో పోలీసులు మూయించారు. దొంగసొత్తని తెలిసి కొన్నా, తెలిసే అవకాశం ఉండి కొన్నా నేరమే. అందుచేత ఆర్సీ, అమ్మినవారి గుర్తింపు, రాతపూర్వక రసీదు తీసుకోవాలి. ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును ఆర్సీతో చూపుడు వేలు పెట్టి ఒక్కొక్క అంకె సరిచూడాలి. లోను తీరిందా, చలాన్లు ఉన్నాయా అన్నదీ కనుక్కోవాలి.

డోనర్ ఇంజిన్ బిగిస్తే నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాలి. ఈ ప్రాంతానికి దగ్గర్లో ఖైరతాబాద్ ఆర్టీఏ ఉంది. ఇక విప్పేసిన బండి సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 55వ సెక్షన్ ప్రకారం, శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం గురించి యజమాని 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దుకు ఆర్సీ అప్పగించాలి. రద్దు చేయని నంబరును ఎవరైనా మరో బండికి తగిలిస్తే పోలీసులు మొదట వెతికేది పాత యజమానినే.

తీసుకోకూడనివి

ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు, బ్రేకు హోసులు, టైర్లు, టైమింగ్ బెల్టు పాతవి వాడకూడదు. ఒకసారి గుద్దుకున్న బండిలోని సీటు బెల్టు చూడటానికి బాగున్నా ఆ పట్టీ అప్పటికే సాగి ఉండవచ్చు. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాల్లో కంటికి కనపడని పగుళ్లు ఉండవచ్చు. డబ్బు మిగుల్చుకోవడానికి తలుపులు, అద్దాలు, సీట్లు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ చాలు. ఇంట్లోవాళ్లు కూర్చునే బండిలో బ్రేకుల దగ్గర మాత్రం బేరం పనికిరాదు.

మిగిలిన డొక్కు

కావలసినవి విప్పాక మిగిలిన డొక్కును భోలక్‌పూర్ తుక్కు వ్యాపారులకు తూకానికి అమ్మడం పాత అలవాటు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన స్క్రాపింగ్ నిబంధనల తర్వాత దాన్ని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ పొందే దారి ఏర్పడింది. ఆ సర్టిఫికెట్ మీద కొత్త సొంత కారుకు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు వీలుంది. ముఖ్యమైన భాగాలన్నీ తీసేసిన డొక్కును కేంద్రాలు అన్నివేళలా ఒప్పుకోవు కనుక విప్పకముందే మాట్లాడుకోవాలి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్‌ను డ్రైనేజీలో పోయకుండా, ఏసీ గ్యాసును గాలిలోకి వదలకుండా మెకానిక్ చేత తీయించాలి. బ్యాటరీని దుకాణంలో తిరిగి ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గుతుంది.