ఉషోదేవి పేరు దాల్చిన పత్రిక

ఋగ్వేదమున ఉషోదేవిని స్తుతించు సూక్తములు సుమారు ఇరువది గలవు. ప్రాచీన గ్రీకులకును ఉదయవేళకు అధిదేవత యొకతె యుండెను. ఆమె పేరు ఈయోస్. ఉషస్సు, ఈయోస్ అను నీ పదములు రెండును ఒకే మూలము నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆ దేవత పేరు పెట్టుకొని భూమిని గూర్చియు, అంతరిక్షమును గూర్చియు వార్తలు తెలుపు పత్రిక యొకటి అమెరికాలో గలదు. సంఘ సభ్యుల కొరకు ముద్రితమైన ఆ పత్రిక ఎల్లరకును అందుబాటులోనికి వచ్చిన కథ గ్రంథాలయ చందాదారులు తెలియదగినది.

మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట, 1919లో, అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ అను శాస్త్రజ్ఞుల సంఘము స్థాపితమయ్యెను. భూమి ఆకారమును కొలుచువారు, భూకంపములను, వాతావరణమును, సముద్రములను, అగ్నిపర్వతములను పరిశోధించువారు అందు చేరిరి. నదులను, భూగర్భ జలములను విచారించు శాఖ మాత్రము 1930లో గాని ఏర్పడలేదు. పల్లెటూరివారు ఆ సంఘమును పెట్టియుండినచో చెరువుతోనే ఆరంభించియుందురు!

సమావేశములందలి ప్రసంగములను 'ట్రాన్సాక్షన్స్' అను పేర 1920 నుండి ఆ సంఘము ప్రకటింపసాగెను. 1944 నుండి 1970 వరకు సంఘ కార్యాలయమును నడిపినవాడు వాల్డో స్మిత్. సంఘములు నిలుచుట పండితుల ప్రసంగములవలన గాక, ఇట్టి కార్యదర్శుల ఓపికవలననే యని చెప్పినను తప్పు గాదు. ఆయన కాలముననే అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగెను. 1957 అక్టోబరు 4న రష్యావారి స్పుట్నిక్ ఆకాశమున కెక్కెను. భూమిని భూమిపై నుండియే గాక, పైనుండియు పరిశోధించు కాలము వచ్చెను. 1969లో పత్రికకు 'ఈయోస్' అను పేరు చేరెను. 1979లో అది వారపత్రికగా మారెను. పరిశోధనల సారాంశములు, సమావేశముల తేదీలు, ఉద్యోగ ప్రకటనలు, దివంగతులైన శాస్త్రజ్ఞుల చరిత్రలు అందుండెడివి.

ఇట్టి వార్తలతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. 1967 డిసెంబరులో మహారాష్ట్రమున కొయనా ఆనకట్ట చెంత ఘోర భూకంపము సంభవించెను. పెద్ద జలాశయము నిండినపుడు నీటి బరువు క్రింది రాతిపొరలపై పడును. నీరు పగుళ్లలోనికి చొచ్చును. లోన ముందే ఒత్తిడికి లోనైయున్న పగులు జారవచ్చును. హైదరాబాదున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు సంచాలకులుగా నుండిన హర్ష్ గుప్తాగారు ఈ విషయమును బహుకాలము పరిశోధించిరి. వారికి 2008లో ఆ అమెరికా సంఘము వాల్డో స్మిత్ పేరిటి పతకమును ఒసగెను. ఆనకట్టల క్రింద సేద్యము చేయువారికి ఇంతకంటె దగ్గరి వార్త యేది?

కాని ఆ వార్త చేరుట యెట్లు? పత్రిక టపాలో సభ్యుల యింటికి పోవును; చందా కట్టగల గ్రంథాలయములకును పోవును. సభ్యుడు గాక, అట్టి గ్రంథాలయము చెంత లేనివానికి దారి లేకుండెను. 2014 డిసెంబరులో ఈ నిర్బంధము సడలెను. ఈయోస్ వార్తలు అంతర్జాలమున ఎల్లరకును ఉచితముగా తెరువబడెను. అంతటితో వారము వారము వచ్చు అచ్చు పత్రిక నిలిచిపోయి, 2015 నుండి మరియొక రూపమున సంచికలు వెలువడెను.

లాభమే అధికము, నష్టమును లేకపోలేదు. కాగితము నూనెదీపమునొద్దనైనను చదువవచ్చును. యంత్రమునకు కరెంటు కావలయును. అన్నిటిని మించి, ఆ వార్తలు ఇంగ్లీషున నున్నవి. రుసుము అను తాళము తీసినను భాష యను తాళము మిగిలియే యున్నది. ఇంగ్లీషు నేర్చిన పడుచువాడొకడు గ్రంథాలయపు అరుగుపై కూర్చుండి, చదివినదానిని తెలుగున వినిపింపవలసియుండును. అక్షరములు రానివారికి దినపత్రికను ఒకరు చదువగా పదిమంది చుట్టుచేరి వినుట వెనుకటి గ్రంథాలయములందు వాడుకయే.