తిరుపతి పరిశోధనల్లో తేలు గుండె: నాడీ నియంత్రణ అధ్యయన చరిత్రలో ఒక ఘట్టం

గుండె వేగాన్ని నాడీవ్యవస్థ ఎలా నియంత్రిస్తుందన్న ప్రశ్నకు ఐరోపాలో తొలి సమాధానాలు వెన్నెముక గల జంతువుల నుంచి లభించాయి. వేగస్ నాడిని ఉత్తేజపరిస్తే గుండె నెమ్మదిస్తుందని 1845లో వెబర్ సోదరులు చూపారు. ఆ ప్రభావం ఒక రసాయనం ద్వారా కలుగుతుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెపై నిరూపించాడు. అదే ఎసిటైల్‌కోలిన్.

1954లో తిరుపతిలో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని జంతుశాస్త్ర విభాగం ఈ ప్రశ్నను మండ్రగబ్బ (హెటెరోమెట్రస్ ఫుల్విపెస్) ద్వారా పరిశీలించింది. సముద్రపు ఆటుపోట్లకు అనుగుణంగా ఆల్చిప్పలు నీటిని తోడే వేగం మారుతుందని 1954లో ప్రకటించిన కె. పంపాపతి రావు, ఇక్కడ తేలు శరీరధర్మ పరిశోధనకు పునాది వేశారు. తేలు ఉదర నాడీరజ్జువులో, ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే కోలినెస్టరేజ్ ఎంజైము చర్యకు దినలయ ఉందని 1968లో వెంకటాచారి, మురళీకృష్ణ దాస్ నివేదించారు. 1976లో దేవరాజులు నాయుడు, పద్మనాభ నాయుడు నాడీచర్యలోని దినలయనూ గుండె స్పందనలోని దినలయనూ ఒకే అధ్యయనంలో పరిశీలించారు.

ఈ జీవి ఎంపికను కేవలం స్థానిక సౌలభ్యంగా భావించడం సరికాదు. మానవ హృదయంలో స్పందన గుండె కండరంలోనే పుడుతుంది. నాడులు దాని వేగాన్ని మాత్రమే మారుస్తాయి. అందుకే నాడులు తెగిన మార్పిడి గుండె కూడా కొట్టుకుంటుంది. తేలు గుండె స్పందన మాత్రం దాని పైభాగాన ఉన్న నాడీసంధి నుంచి పుడుతుంది. కనుక అక్కడ గుండె లయను కొలవడమంటే నాడీవ్యవస్థ లయను దాదాపు నేరుగా చదవడమే.

ఈ ప్రాంత గ్రామీణులకు తేలు మరో రూపంలోనూ పరిచితం. ఎర్ర తేలు విషం మనిషి స్వయంచోదిత నాడీవ్యవస్థను తీవ్రంగా ప్రేరేపించి గుండె వేగాన్నీ రక్తపోటునూ అదుపు తప్పిస్తుంది; ఊపిరితిత్తులలో నీరు చేరి మరణమూ సంభవించవచ్చు. 1980వ దశకంలో మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావు బావస్కర్ ప్రజోసిన్‌తో ఈ ప్రమాదాన్ని తగ్గించవచ్చని చూపారు. ఆ చికిత్స తిరుపతి పరిశోధనల ఫలితం కాదు. అయితే రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే: గుండెపై నాడుల అధికారం ఎంత? తెలుగు ప్రాంతపు విజ్ఞానశాస్త్ర చరిత్రను వైద్యశాలల చరిత్రకే పరిమితం చేస్తే ఈ ప్రయోగశాల అధ్యాయం మరుగున పడుతుంది.