నవజాత శిశువుల రక్తంలో శిలీంధ్ర ఇన్ఫెక్షన్

నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో (ఎన్‌ఐసీయూ) చికిత్స పొందుతున్న పసికందుల రక్తంలోకి ఈస్ట్ తరహా శిలీంధ్రాలు చేరడం వల్ల కలిగే ప్రాణాంతక వ్యాధి ఇది. ఎక్కువ కేసులకు కాండిడా ప్రజాతి కారణం. అప్పుడు దీన్ని కాండిడీమియా అంటారు. నెలలు నిండకుండా, వెయ్యి గ్రాముల లోపు బరువుతో పుట్టిన శిశువులకు ముప్పు ఎక్కువ. ఒకప్పుడు నోటిపూతగానే తెలిసిన ఈ శిలీంధ్రం రక్తానికి చేరిన చరిత్ర, శిశువైద్యం సాధించిన విజయాలతో ముడిపడి ఉంది.

నోటిపూత నుంచి నామకరణం దాకా

పసిపిల్లల నాలుకపై పెరుగు తరకల్లా కనిపించే తెల్లపూతకు ఒక జీవి కారణమని 19వ శతాబ్దం దాకా తెలియదు. 1839లో జర్మన్ శస్త్రవైద్యుడు బెర్న్‌హార్డ్ ఫాన్ లాంగెన్‌బెక్ ఒక రోగి దేహంలో ఈ శిలీంధ్రాన్ని గుర్తించాడు. 1840లలో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ, స్టాక్‌హోంలో ఫ్రెడ్రిక్ బెర్గ్ శిశువుల నోటిపూతలో దాన్ని పరిశీలించారు. 1853లో షార్ల్ రోబాన్ దానికి ‘ఓయిడియం ఆల్బికాన్స్’ అని పేరు పెట్టాడు. 1923లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్‌ఖౌట్ ‘కాండిడా’ ప్రజాతిని ఏర్పరచింది. కాండిడా, ఆల్బికాన్స్ అనే రెండు లాటిన్ మాటలూ తెలుపునే సూచిస్తాయి.

ఇంటెన్సివ్ కేర్ యుగం

1960లో అమెరికాలోని యేల్‌లో లూయీ గ్లక్ ఆధునిక ఎన్‌ఐసీయూను నెలకొల్పాడు. 1968లో డగ్లస్ విల్మోర్, స్టాన్లీ డడ్రిక్ ఒక శిశువుకు పోషకాహారమంతా రక్తనాళం ద్వారానే అందించిన తీరును ప్రకటించారు. వెంటిలేటర్లు, ఆ తర్వాత ఊపిరితిత్తులు తెరుచుకునేలా చేసే సర్ఫాక్టెంట్ మందులు తోడవడంతో, అంతకుముందు దక్కని చిన్నారులు బతకసాగారు.

శిలీంధ్రానికి దారి కూడా ఈ చికిత్సలోనే దొరికింది. రోజుల తరబడి రక్తనాళంలో ఉండే సన్నని గొట్టం (కేథటర్) గోడపై కాండిడా జిగురు పొరలా పేరుకుంటుంది. ఈ పొరను బయోఫిల్మ్ అంటారు. సెఫలోస్పోరిన్, కార్బపెనెం వంటి యాంటీబయాటిక్‌లు పేగులోని మేలుచేసే బ్యాక్టీరియాను చంపి ఈస్ట్‌కు చోటిస్తాయి. ఆమ్లాన్ని తగ్గించే మందులు, స్టీరాయిడ్‌లు, పొట్టకు చేసే ఆపరేషన్లు కూడా ముప్పును పెంచుతాయి. వీటికి తోడు నెలలు నిండని బిడ్డ చర్మం పలచన, రోగనిరోధక శక్తి అపరిపక్వం.

అమెరికాలో వెయ్యి గ్రాముల లోపు బరువున్న 4,579 మంది శిశువులపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. వారిలో సుమారు 7 శాతం మందికి కాండిడా ఇన్ఫెక్షన్ సోకింది. ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య తేడా చాలా ఎక్కువగా కనిపించడంతో, బిడ్డ బరువుతోపాటు విభాగంలోని చికిత్సా పద్ధతులూ కీలకమని వైద్యులు గ్రహించారు.

చేతుల ద్వారా వ్యాప్తి

కాండిడా ఆల్బికాన్స్ తరచుగా తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. కాండిడా పారాప్సిలోసిస్ మాత్రం ఎక్కువగా సిబ్బంది చేతుల మీదుగా చేరుతుంది. కొవ్వును ఇష్టపడే మలసేజియా ఈస్ట్, నాళం ద్వారా కొవ్వు ద్రావణం ఎక్కించుకునే శిశువులకు సోకుతుందని 1981లో తెలిసింది. 1998లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన, 15 మంది శిశువుల్లో కనిపించిన మలసేజియా పాకిడెర్మాటిస్ జాడను సిబ్బంది ఇళ్లలోని పెంపుడు కుక్కల దాకా అనుసరించింది.

భారతదేశంలో నమోదైన అతిపెద్ద ఘటనల్లో ఒకటి చండీగఢ్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగింది. 1996 ఏప్రిల్ నుంచి 1998 ఫిబ్రవరి దాకా 379 మంది నవజాత శిశువులకూ పిల్లలకూ పికియా అనామలా అనే అరుదైన ఈస్ట్ సోకింది. చేతులు కడుక్కోవడంపై అవగాహన కార్యక్రమం చేపట్టి, ముప్పున్న శిశువులకు ముందుజాగ్రత్తగా శిలీంధ్ర నిరోధక మందులు ఇచ్చాకే అది అదుపులోకి వచ్చింది.

నిర్ధారణ, చికిత్స

లక్షణాలు బ్యాక్టీరియా సెప్సిస్‌ను పోలి ఉంటాయి: బిడ్డ నీరసించడం, ఊపిరి ఆగి ఆగి రావడం, పాలు అరగకపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. బ్లడ్ కల్చర్ ప్రధాన పరీక్షే అయినా పసికందు నుంచి తీయగలిగే రక్తం ఒక మిల్లీలీటరు వరకే కాబట్టి కొన్నిసార్లు జాడ దొరకదు. శిలీంధ్రం మెదడు, కళ్లు, మూత్రపిండాలకు పాకవచ్చు కనుక వెన్నునీటి పరీక్ష, కంటి పరీక్ష, స్కానింగ్ అవసరమవుతాయి.

1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ నిస్టాటిన్‌ను ప్రకటించారు. మందు పేరులో ఆ రాష్ట్రం పేరుంది. అది నోటికీ పేగుకూ పనిచేసింది గానీ రక్తంలోకి ఎక్కించడానికి పనికిరాలేదు. వెనిజులాలోని ఓరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1950లలో వచ్చిన ఆంఫోటెరిసిన్ బి ఆ లోటు తీర్చింది. 1990 నాటికి ఫ్లూకొనజోల్, ఈ శతాబ్దంలో ఎకైనోకాండిన్‌లు చేరాయి. మందుతోపాటు కేథటర్‌ను త్వరగా తీసివేయడం చికిత్సలో భాగం.

నివారణ, నేటి సవాలు

డేవిడ్ కాఫ్‌మన్ బృందం వెయ్యి గ్రాముల లోపు బరువున్న 100 మంది శిశువులపై జరిపి 2001లో ప్రకటించిన పరీక్షలో, ముందుజాగ్రత్తగా ఆరు వారాలు ఫ్లూకొనజోల్ పొందిన వారెవరికీ తీవ్ర ఇన్ఫెక్షన్ రాలేదు. ఉత్తుత్తి మందు పొందినవారిలో 20 శాతం మందికి వచ్చింది. 2007లో ఇటలీలో మన్జోని బృందం ఇలాంటి ఫలితాన్నే ప్రకటించింది. అమెరికాలో 361 మందిపై జరిగి 2014లో వెలువడిన పరీక్షలో ఇన్ఫెక్షన్లు తగ్గినా, మరణాన్నీ ఇన్ఫెక్షన్‌నూ కలిపి చూస్తే గణనీయమైన తేడా తేలలేదు. అందుకే కేసులు ఎక్కువున్న విభాగాల్లోనే ఈ పద్ధతిని సిఫార్సు చేస్తున్నారు.

2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో గుర్తించిన కాండిడా ఆరిస్ ఈ వ్యూహాన్ని చిక్కుల్లో పడేసింది. దాని రకాల్లో చాలావాటికి ఫ్లూకొనజోల్ పనిచేయదు. మంచాలపైనా పరికరాలపైనా రోజుల తరబడి బతికే ఈ ఈస్ట్ భారతదేశంలో నవజాత శిశువుల్లోనూ కనిపించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో ఆల్బికాన్స్‌తోపాటు ఆరిస్ కూడా అత్యంత కీలక వర్గంలో ఉంది. మందుకు లొంగని ఈస్ట్ ఎదుట అవసరం లేని యాంటీబయాటిక్ ఆపడం, పని తీరిన కేథటర్ తీసేయడం, బిడ్డను తాకే ముందు చేతులు కడుక్కోవడం మళ్లీ మొదటి రక్షణగా నిలుస్తున్నాయి.