శాంటా ఫే వసారాలో కూర్చున్నది ఎవరు?

ఈరోజు ఎపిసోడ్ నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

మొదటిసారి శాంటా ఫే వెళ్లినప్పుడు ఊళ్లోకి రాగానే మట్టి రంగు గోడల భవనం ఒకటి కనిపించింది. నున్నగా తిరిగిన మూలలు, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలాలు. "అబ్బ, 400 ఏళ్ల కట్టడం అంటే ఇదీ" అనుకుని పది ఫోటోలు తీశాను. ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టేశాను. అరగంట తర్వాత తెలిసింది, అది కార్ పార్కింగ్ అని.

నవ్వొచ్చింది. కానీ తర్వాత ఆలోచిస్తే, ఈ ఊరి అసలు కథ ఆ పార్కింగ్ దగ్గరే మొదలవుతుందని అర్థమైంది. ఇక్కడ పాతగా కనిపించేదంతా పాతది కాదు. నిజంగా పాతదైన కథేమో టూరిస్టుకి వెంటనే కనిపించదు.

ముందు ఊరి గురించి రెండు ముక్కలు. శాంటా ఫే అమెరికా నైరుతి మూలలో ఉన్న న్యూమెక్సికో రాష్ట్రానికి రాజధాని. లక్ష జనాభా కూడా లేదు. చుట్టూ ఎడారి, కానీ ఊరేమో దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, అందుకే చలికాలం మంచు పడుతుంది. డల్లాస్‌లో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే పది గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్తుంటారు. కెనియన్ రోడ్ అనే ఒక్క వీధిలోనే వరసగా ఆర్ట్ గ్యాలరీలు ఉంటాయి. ఇళ్ల ముందు ఎండు మిరపకాయల దండలు వేలాడుతుంటాయి. గుంటూరు వాళ్లకి అయితే సొంతూరు గుర్తొస్తుంది.

ఊరి మధ్యలో ప్లాజా అనే చతురస్రం. దానికి ఉత్తరం వైపు పొడుగ్గా, ఒకే అంతస్తుతో ఉన్న మట్టి భవనం పేరు ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్. స్పెయిన్ వాళ్లు ఈ ఊరిని రాజధానిగా పెట్టుకున్నది 1610లో. అంటే మన చార్మినార్ కట్టిన 19 ఏళ్లకి. మేఫ్లవర్ ఓడ అమెరికా తీరం చేరకముందే ఇక్కడ గవర్నర్ ఆఫీసు నడుస్తోంది. ఆ భవనం ముందు పొడవాటి వసారా ఉంటుంది. రోజూ అక్కడ నేటివ్ అమెరికన్ కళాకారులు గుడ్డ పరుచుకుని, వెండి నగలు, పచ్చనీలం టర్కాయిస్ రాళ్లు, కుండలు అమ్ముతుంటారు. టూరిస్టులు వంగి చూస్తారు, ఫోటో తీస్తారు, ముందుకెళ్లిపోతారు. నేనూ మొదట అంతే చేశాను.

ఆ వసారాలో కూర్చున్నవాళ్ల పూర్వీకులు ఒకప్పుడు ఆ భవనం లోపల ఉన్నారు. ఖైదీలుగా కాదు, యజమానులుగా. అది ఎలా జరిగిందో చూద్దాం.

స్పెయిన్ వాళ్లు రాకముందే ఈ నది లోయలో టేవా భాష మాట్లాడేవాళ్ల ఊరు ఉండేది. ఇలా మట్టి ఇళ్లు కట్టుకుని, మొక్కజొన్న పండించుకునే జనాల్ని స్పెయిన్ వాళ్లు ప్యూబ్లోలు అన్నారు. ప్యూబ్లో అంటే ఊరు అని అర్థం. 1598లో ఓన్యాతె అనే అతను సైన్యంతో వచ్చాడు. మరుసటి ఏడాది అకోమా అనే ఊరు ఎదురు తిరిగితే వందల మందిని చంపి, పాతికేళ్లు దాటిన మగ ఖైదీలకి ఒక పాదం నరకాలని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత 80 ఏళ్లూ అదే పాలన. పన్ను కింద మొక్కజొన్న, బట్ట ఇవ్వాలి. వెట్టిచాకిరి చెయ్యాలి. సొంత పూజలు, నాట్యాలు నిషేధం. దానికి తోడు కరువు, రోగాలు.

1675లో మంత్రగాళ్లు అనే నెపంతో 47 మంది ప్యూబ్లో మత పెద్దల్ని పట్టుకొచ్చి కొరడాలతో కొట్టించారు, ముగ్గురిని ఉరితీశారు. మిగతావాళ్లని వదిలేయమని వాళ్ల మనుషులు వచ్చి పట్టుబడితే వదలక తప్పలేదు. అలా వీపు మీద వాతలతో బయటికొచ్చిన వాళ్లలో ఒకాయన పేరు పోపే.

ఇక్కడ నాలోని పాత ఇంజనీర్ ఆగిపోయాడు. ఎందుకంటే పోపే ముందున్న సమస్య చూడండి. ఇరవైకి పైగా ఊళ్లు. వాటి మధ్య వందల మైళ్ల దూరం. కనీసం అరడజను భాషలు, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. గుర్రాలు, తుపాకులు స్పెయిన్ వాళ్ల చేతిలో ఉన్నాయి. అన్ని ఊళ్లూ ఒకే రోజు లేవాలి. ఒక్క ఊరు తొందరపడినా మిగతావి దొరికిపోతాయి.

పరిష్కారం ఏంటంటే, ముడులు వేసిన తాడు. పరుగెత్తేవాళ్ల చేతికిచ్చి ఊరూరికీ పంపారు. రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన రోజు లేవాలి. రాత అక్కర్లేదు, ఒకే భాష అక్కర్లేదు, లెక్క తప్పే ప్రసక్తే లేదు. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, నాలుగు టీమ్‌లని ఒకే రోజు రిలీజ్‌కి తేవడానికి ఎన్ని మీటింగులు పెట్టేవాళ్లమో నాకు తెలుసు.

అయినా విషయం బయటికి పొక్కింది. 1680 ఆగస్టు 9న ఇద్దరు వార్తాహరులు దొరికిపోయారు. అది తెలియగానే ముహూర్తం ముందుకు జరిపేశారు. ఆగస్టు 10న ఊళ్లు లేచాయి. దాదాపు 400 మంది స్పెయిన్ జనం చనిపోయారు, అందులో 21 మంది మతగురువులు. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు, ఆ మాట దాచకూడదు. మిగిలినవాళ్లలో కొందరు పరుగెత్తుకొచ్చి దాక్కున్నది ఈ ప్యాలెస్‌లోనే.

అప్పుడు ఒక ప్యూబ్లో నాయకుడు రెండు శిలువలతో వచ్చాడని గవర్నర్ ఒతెర్మీన్ స్వయంగా రాసుకున్నాడు. తెల్లది తీసుకుంటే వెళ్లిపోండి, ఎర్రది తీసుకుంటే యుద్ధం. గవర్నర్ లొంగలేదు. వాళ్లు నీటి కాలువ కట్టేశారు. లోపల దాదాపు వెయ్యి మంది, పశువులు దాహంతో అల్లాడిపోయారు. ఆగస్టు 21న స్పెయిన్ వాళ్లు ఊరు వదిలి దక్షిణంగా ఎల్ పాసో వైపు నడిచారు. ప్యూబ్లోలు కొండల మీంచి చూస్తూ నిలబడ్డారు, వెళ్లేవాళ్లని వెంటపడి చంపలేదు. వాళ్లకి కావలసింది వీళ్లు వెళ్లిపోవడమే.

తర్వాత 12 ఏళ్లు ఆ ప్యాలెస్‌లో ప్యూబ్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. పైన అంతస్తులు లేపి, తమ పద్ధతిలో ఇళ్లు చేసుకున్నాయి.

1692లో డియేగో దె వర్గాస్ వచ్చి, మాటలతో ఒప్పించి, రక్తం చిందకుండా ఊరిని తిరిగి తీసుకున్నాడు. ఊళ్లో ఉత్సవాల్లో చాలాకాలం చెప్పుకున్నది ఇంతవరకే. 1712 నుంచి జరుగుతున్న ఫియెస్టాలో ఈ "శాంతియుత" ప్రవేశాన్ని నాటకంగా వేసేవాళ్లు. కానీ 1693 చివర్లో వర్గాస్ వలస కుటుంబాలతో మళ్లీ వచ్చినప్పుడు, ప్యాలెస్‌లో ఉన్నవాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. యుద్ధం జరిగింది. 70 మందికి మరణశిక్ష. దాదాపు 400 మంది ఆడవాళ్లు, పిల్లలకి పదేళ్ల బానిసత్వం. ఈ భాగం నాటకంలో ఉండేది కాదు. నిరసనల తర్వాత 2018లో ఆ నాటకం ఆపేశారు.

మరి తిరుగుబాటు ఓడిపోయినట్టేనా? నేను అలా అనుకోను. తిరిగొచ్చిన స్పెయిన్ పాత పన్ను విధానాన్ని మళ్లీ తేలేదు. నాట్యాల విషయంలో చూసీ చూడనట్టు వదిలేసింది. ఇవాళ న్యూమెక్సికోలో 19 ప్యూబ్లోలు తమ సొంత ఊళ్లల్లో, తమ సొంత ఆచారాలతో ఉన్నాయి.

తర్వాతి కాలం త్వరగా చెప్పేస్తాను. 1821లో మెక్సికో చేతికి, 1846లో అమెరికా చేతికి వచ్చింది ఈ ఊరు. 1880లో రైలు వచ్చింది, కానీ మెయిన్ లైన్ శాంటా ఫేని తప్పించుకుని పోయింది. వ్యాపారం పడిపోయింది. మిగతా అమెరికన్ ఊళ్లలాగా కనిపించాలని జనం ఇటుక భవనాలు కట్టారు. ప్యాలెస్ వసారాకి కూడా అప్పటి ఫ్యాషన్ పిట్టగోడ తగిలించారు.

1912లో న్యూమెక్సికో రాష్ట్రం అయింది. అదే ఏడాది ఊరి పెద్దలు ఒక ప్లాన్ వేశారు. మన దగ్గర పరిశ్రమల్లేవు, ఉన్నది పాతదనమే, దాన్నే చూపిద్దాం అని. ప్యాలెస్ వసారాని పాత పద్ధతిలా కనిపించేట్టు మళ్లీ కట్టారు. 1957లో పాత బస్తీలో ఏం కట్టినా ఆ శైలిలోనే ఉండాలని చట్టం చేశారు. లోపల సిమెంటు దిమ్మెలున్నా సరే, బయట మట్టి రంగు పూత ఉండాలి. నా కార్ పార్కింగ్ కథ ఇదన్నమాట. చిత్రకారులు వచ్చారు. జార్జియా ఓకీఫ్ 1929 నుంచి న్యూమెక్సికో రావడం మొదలుపెట్టి, 1949లో ఇక్కడే స్థిరపడిపోయింది. ఆమె పేరుతో 1997లో పెట్టిన మ్యూజియం తప్పకుండా చూడండి.

నేను ఆ ప్లాన్‌ని తప్పుపట్టను. అది లేకపోతే ఊరు మిగిలేది కాదేమో. కానీ అందులో ప్యూబ్లోల గోడలు దొరికినంత సులభంగా ప్యూబ్లోల కథకి చోటు దొరకలేదు. ప్లాజా మధ్యలో 1868 నాటి సైనికుల స్మారక స్తంభం ఉండేది. దాని మీద నేటివ్ జనాన్ని "అనాగరికులు" అని చెక్కారు. 1974లో ఒకతను వచ్చి ఆ ఒక్క పదాన్ని ఉలితో చెక్కేసి వెళ్లిపోయాడు. 2020 అక్టోబర్‌లో నిరసనకారులు స్తంభాన్నే పడగొట్టారు. ఊరు రెండుగా చీలింది. మా తాతల గుర్తు అని కొందరు, మా తాతల్ని తిట్టిన రాయి అని కొందరు.

చివరిగా మళ్లీ ఆ వసారాలోకి. అక్కడ అమ్మేవాళ్లకి నియమాలున్నాయి. సరుకు తామో తమ ఇంట్లోవాళ్లో చేతితో చేసినదే అయ్యుండాలి. చోటు కోసం పొద్దున్నే చీటీలు తీస్తారు. నేను రెండోరోజు వెళ్లి ఒక పెద్దావిడ దగ్గర వెండి ఉంగరం చూశాను. అలవాటుగా బేరం మొదలుపెట్టబోయాను. ఆమె ఉంగరం లోపల తన గుర్తు చూపించి, "ఇది మా అబ్బాయి చేశాడు, పక్కది నేను చేశాను" అంది. నోరు మూసుకుని చెప్పిన ధర ఇచ్చేశాను.

పోపే విగ్రహం 2005 నుంచి వాషింగ్టన్‌లో, అమెరికా పార్లమెంటు భవనంలో ఉంది. చేతిలో ముడుల తాడు, వీపు మీద కొరడా గుర్తులు. అక్కడిదాకా వెళ్లకపోయినా పర్లేదు. శాంటా ఫే వెళ్తే ప్యాలెస్ లోపలికి టికెట్ తీసుకునే ముందు, ఆ వసారాలో ఒక్క పది నిమిషాలు ఆగండి. కూర్చున్నవాళ్లని ఏ ఊరి నుంచి వచ్చారని అడగండి. వాళ్లు చెప్పే ఊరి పేరు, 1680లో ఆ తాడు చేరిన ఊళ్లలో ఒకటి అయ్యుండొచ్చు.