పట్టణాలలో తోట చెత్త: గుల్షనాబాద్ నుండి బొబ్బిలి వరకు

శ్రీకాకుళానికి ముస్లిం పరిపాలనా కాలంలో గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేదన్న విషయం ఆ ప్రాంత చరిత్ర చదివినవారికి విదితమే. ఫార్సీలో గుల్షన్ అంటే పూలతోట. ఆబాద్ అంటే జనం నివసించే చోటు. కుతుబ్‌షాహీల కాలం నుండి ఈ పట్టణం ఫౌజుదారులకు ముఖ్యస్థానంగా ఉండేది. ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామె మసీదు 1641 నాటిది. తెలంగాణలోని మెదక్‌కు, మహారాష్ట్రలోని నాసిక్‌కు కూడా ఒకప్పుడు గుల్షనాబాద్ అన్న పేరే ఉండేది. ఒక ఊరిని గౌరవించదలచినప్పుడు ఆనాటి పాలకులకు తట్టిన మంచి పోలికలలో తోట ఒకటని ఈ మూడు పేర్లు సూచిస్తున్నాయి.

తోట అనగానే పూలు, పండ్లు, నీడ గుర్తుకు వస్తాయి. అయితే ప్రతి తోటా వీటితోపాటు మరొక దిగుబడిని కూడా ఇస్తుంది. రాలిన ఆకు, కత్తిరించిన కొమ్మ, పీకిన కలుపు, ఎండిన కొబ్బరి కమ్మ, వాడిన పువ్వు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. చరిత్ర గ్రంథాలు ఫౌజుదారుల పేర్లను, యుద్ధాల తేదీలను, శిస్తు లెక్కలను భద్రపరిచాయి. తోట ఊడ్చినవాని పేరును మాత్రం భద్రపరచలేదు. అయినప్పటికీ ఒక పట్టణం ఎంత తెలివిగా బ్రతికిందో తెలుసుకోవాలంటే, తన తోటలు విడిచిన దానిని అది ఏమి చేసిందని అడగక తప్పదు.

అందలూసియా శాస్త్రజ్ఞుల పాఠం

ముస్లిం ప్రపంచంలో ఈ ప్రశ్నను శాస్త్రీయంగా చర్చించినవారు అందలూసియా వ్యవసాయ శాస్త్రజ్ఞులు. క్రీ.శ. 11వ శతాబ్దిలో ఇబ్ను బస్సాల్ టొలెడో నగరంలో రాజోద్యానంలో పనిచేశాడు. 1085లో ఆ నగరం కాస్టీలు రాజుల వశమైన పిమ్మట అతడు సెవిల్ చేరి అక్కడ తన పరిశోధన సాగించాడు. ఎరువులను అతడు రకాలుగా విభజించి ఒక్కొక్కదాని గుణాన్ని వివరించాడు. పశువుల ఎరువు, పావురాల రెట్ట, స్నానశాలల పొయ్యిలలోని బూడిద ఆ జాబితాలో ఉన్నాయి. వీటితోపాటు అతడు 'మువల్లద్' అనే ఎరువును కూడా పేర్కొన్నాడు. మువల్లద్ అంటే పుట్టించబడినది. పశువుల పేడ దొరకనిచోట గడ్డీగాదం, ఆకు, బూడిద కలిపి, నీటితో తడిపి, మాగబెట్టి తయారుచేసుకునే ఎరువు ఇది. నేడు కంపోస్టు అని పిలుస్తున్నది దీనినే.

12వ శతాబ్ది చివర సెవిల్‌లోనే జీవించిన ఇబ్నుల్ అవ్వామ్ తన 'కితాబుల్ ఫిలాహా'లో నేలల గురించి మొదటి అధ్యాయం, ఎరువుల గురించి రెండవ అధ్యాయం వ్రాశాడు. నీటి గురించి, తోటల గురించి ఆ తరువాతనే వ్రాశాడు. ఈ వరుసలోనే ఒక అర్థం ఉంది. తోట వేయదలచినవాడు మొక్కకంటె ముందు మట్టిని, మట్టికి పెట్టవలసిన ఆహారాన్ని తెలుసుకోవాలి.

పట్టణ పరిశుభ్రత ఆనాడు ముహ్తసిబ్ బాధ్యతలలో ఒకటి. తూకాలు, ధరలు తనిఖీ చేసే ఈ అధికారే వీధులను కూడా చూచేవాడు. 12వ శతాబ్దిలో సిరియాకు చెందిన అష్షైజరీ ముహ్తసిబ్‌ల కొరకు వ్రాసిన గ్రంథంలో, బజారులోని వర్తకుల చేత తమ బజారును ఊడ్పించి, బురద, చెత్త తొలగింపజేయాలన్న విధి ఉంది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటన్న మహాప్రవక్త (సల్లం) బోధన దీనికి మూలం. చెత్తను ఎవరు చేశారో వారే తొలగించాలన్నది ఇందులో గమనించదగిన అంశం.

గెత్తం గొయ్యి

ఈ గ్రంథాలు చదవకుండానే ఉత్తరాంధ్ర రైతు అదే సూత్రాన్ని తన పెరటిలో అమలుపరిచాడు. పేడ, పొయ్యి బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి, పెరటి ఆకు కలిసి మాగిన ఎరువును ఈ ప్రాంతంలో గెత్తం అంటారు. వేసవి చివర, ఏరువాకకు ముందు, గెత్తం బండ్లు పొలాలకు తోలేవారు. పట్టణం అప్పటికి పల్లెకు దూరం కాలేదు. పట్టణంలోని ఇళ్ళలో కూడా పశువులు ఉండేవి, పెరళ్ళు ఉండేవి. పట్టణం చుట్టూ ఉన్న కూరగాయల మళ్ళకు పట్టణపు ఊడ్పే ఎరువు.

ప్రతి వస్తువుకూ ఒక ఉపయోగం ఉండేది. కొబ్బరి కమ్మ దడికి, పాకకు పనికివచ్చేది. దాని ఈనెలు చీపురు అయ్యేవి. తోటను ఊడ్చే చీపురు కూడా తోట విడిచిన వస్తువే కదా! మన్యం నుండి వచ్చే అడ్డాకులు విస్తళ్ళు అయ్యేవి. భోజనం ముగిసిన పిదప విస్తరి పెంటకుప్పకు చేరి మళ్ళీ మట్టిలో కలిసేది. ఎండుకొమ్మ వంటచెరకు. ఇన్ని ఉపయోగాల తరువాత మిగిలేది చాలా స్వల్పం.

విజయనగరంలోనూ ఇదే స్థితి. అక్కడి కోట నిర్మాణం 1713లో ఆరంభమైంది. కోటకు ఆ స్థలాన్ని మహబూబ్ వలీ అనే ముస్లిం సాధువు సూచించాడని స్థానికంగా చెప్పుకుంటారు. కస్పా, ఫూల్‌బాగ్ వంటి పేర్లు ఆ పట్టణంలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఫూల్‌బాగ్ అన్నా గుల్షన్ అన్నా అర్థం ఒక్కటే. ఈ విధంగా నాగావళి ఒడ్డున ఒక పట్టణం, కోట చుట్టూ మరొక పట్టణం తోట పేరును ధరించాయి.

పురపాలక సంఘాలు వచ్చిన పిమ్మట

1766లో నిజాముతో జరిగిన ఒడంబడికతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ ఆధీనంలో స్థిరపడ్డాయి. శ్రీకాకుళంలో 1856లో, విజయనగరంలో 1888లో పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. మశూచి, కలరాలకు భయపడుతున్న కాలం అది. వీధిని శుభ్రం చేయడం సంఘం పని అయింది. ఇది మేలే. కాని ఈ మేలుతోపాటు రెండు మార్పులు వచ్చాయి.

మొదటిది, వేర్వేరుగా ఉన్నవన్నీ ఒకే బండిలోకి చేరాయి. ఆకు, బూడిద, మురికి, గాజుపెంకు కలిసి ఊరి బయటకు పోయాయి. ప్లాస్టిక్ వాడుక పెరిగిన తరువాత ఈ మిశ్రమం ఏ పొలానికీ పనికిరాకుండా పోయింది. రైతు తన బండిని పట్టణానికి తోలడం మానుకున్నాడు.

రెండవది, ఆ బండిని లాగే పని కొందరి నుదుట వ్రాసినట్లయింది. ఉత్తరాంధ్ర పట్టణాలలో ఈ భారం ఎక్కువగా రెల్లి కులస్తుల మీద పడింది. ఇక్కడి నుండి విజయవాడ, రాజమండ్రి వంటి దూరపు పట్టణాలకు కూడా వారు పారిశుధ్య పనికి వలసపోయారు. అయితే బ్రిటిష్ కాలపు జనగణన నివేదికలు గంజాం, విశాఖపట్నం జిల్లాలలోని రెల్లి వారిని తోటపనివారుగా, కూలీలుగా పేర్కొన్నాయి. పండ్లు, కూరగాయల వ్యాపారం వారి చేతిలో నేటికీ ఉంది. తోటను ఎరిగిన చేతులకు పట్టణం చీపురును మాత్రమే ఇచ్చింది. ఎరువు తయారుచేయగల నేర్పరిని చెత్త ఎత్తేవానిగా మార్చడం వలన కలిగిన నష్టం ఒక్క ఆ కులానిది మాత్రమే కాదు, మొత్తం పట్టణానిది.

ఇండోర్, బెంగుళూరు పద్ధతులు

20వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు పాత విద్యను మళ్ళీ చేపట్టారు. ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, భారతీయ రైతుల నుండి, చైనా రైతుల అనుభవం నుండి తాను నేర్చుకున్న దానిని ఒక క్రమపద్ధతిగా రూపొందించాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఆ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. ఆకు, గడ్డి, పేడ, బూడిద పొరలు పొరలుగా పేర్చి, తడిపి, గాలి తగిలేలా తిరగవేయడం ఇండోర్ పద్ధతి. 1939లో డాక్టర్ సి.ఎన్. ఆచార్య బెంగుళూరులో పట్టణాల కొరకు వేరొక పద్ధతిని రూపొందించాడు. గోతులలో పొరలు వేసి, పైన మట్టితో మూసి, తిరగవేయకుండా కొన్ని నెలలు మాగనిచ్చే విధానం ఇది. కూలి ఖర్చు తక్కువ కావడం వలన పురపాలక సంఘాలకు అనుకూలమైంది.

ఈ పద్ధతుల వెనుక ఉన్న సూత్రం సులభమైనది. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. పచ్చిగడ్డి, పేడ, పండ్ల తొక్కలలో నత్రజని ఎక్కువ. రమారమి 30 పాళ్ళ కర్బనానికి 1 పాలు నత్రజని ఉన్నప్పుడు కుప్ప చక్కగా మాగుతుంది. ఎండుటాకు ఒక్కటే పోగువేస్తే నెలలు గడిచినా మారదు. పచ్చిచెత్త ఒక్కటే వేస్తే కుళ్ళి వాసన వేస్తుంది. రెండూ కలిసి, పిండిన గుడ్డపాటి తడి ఉంటే, కుప్ప లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కలుపు విత్తనాలను, రోగక్రిములను చంపుతుంది. మామిడి ఆకు, సరుగుడు ఆకు ఆలస్యంగా మాగుతాయి. వాటిని ముక్కలు చేసి వేయడం మేలు.

సూర్యాపేట, బొబ్బిలి

సూత్రం తెలిసినంత మాత్రాన పట్టణం మారదు. 1996లో ఆల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశమంతటికీ పట్టణ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. వాటిని కాగితం మీద నుండి వీధిలోకి తెచ్చిన తొలి తెలుగు పట్టణాలలో సూర్యాపేట ముఖ్యమైనది. 2003 ప్రాంతంలో అక్కడి పురపాలక కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంటింటి నుండి తడిచెత్తను, పొడిచెత్తను వేరువేరుగా సేకరించే ఏర్పాటు చేశాడు. వీధి కుండీలు తొలగించబడ్డాయి. తడిచెత్త వానపాముల ఎరువుగా మారింది, పొడిచెత్త అమ్ముడుపోయింది. లక్ష జనాభా గల సామాన్య పట్టణం పెద్ద యంత్రాలు లేకుండానే ఈ పని సాధించడం వలన ఇతర ప్రాంతాల అధికారులు చూచిపోవడానికి వచ్చారు.

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి కూడా ఇదే బాటలో నడిచింది. 1757 నాటి యుద్ధంతో చరిత్రకెక్కిన ఈ పట్టణం, 2010 తరువాతి సంవత్సరాలలో చెత్తను వేరుచేసి ఎరువు చేసే కేంద్రంతో పేరు తెచ్చుకున్నది. కోటకు ఉన్న కీర్తి ఎరువు గోతికి కూడా దక్కవచ్చునని బొబ్బిలి నిరూపించింది. ఈ రెండు పట్టణాల విజయానికీ కారణం ఒక్కటే: ఇంటి గుమ్మం దగ్గరే వేరుచేయడం. ఒకసారి కలిసిన దానిని విడదీయడం ఎంత ఖరీదైన యంత్రానికైనా కష్టమే.

తోట చెత్త విషయంలో 2016 నాటి నిబంధనలు మరింత స్పష్టంగా చెప్పాయి. ఉద్యానవనాల ఆకును, కొమ్మలను విడిగా సేకరించి, వీలైనంతవరకు ఆ ఉద్యానవనాలలోనే ఎరువు చేయాలన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినవారికి 25,000 రూపాయలు చెల్లింపు విధించింది. ఆకు కాల్చడం వలన మట్టికి చేరవలసినది పొగగా మారి పసివారి, వృద్ధుల ఊపిరితిత్తులకు చేరుతుంది.

తుఫానులు నేర్పిన జాగ్రత్త

ఎరువు చేయడంలో జాగ్రత్త కూడా అవసరం. ఉత్తరాంధ్రకు తుఫానులు ఈ సంగతి బోధించాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను ధ్వంసం చేసింది. పడిపోయిన కొబ్బరి మాను కుళ్ళితే అందులో కొమ్ముపురుగు గ్రుడ్లు పెడుతుంది. అది పెరిగి, బ్రతికి ఉన్న కొబ్బరిచెట్ల మొవ్వును తొలుస్తుంది. పట్టించుకోని పెంటకుప్ప కూడా దీనికి నిలయమే. అందువలన మానులను చీల్చి వాడుకలోకి తేవాలి. ఎరువు గోతులను తరచు తిరగవేసి పురుగులను ఏరివేయాలి. ఈ పురుగును చంపే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని ఎరువు గోతిలో కలపమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సలహా ఇస్తున్నారు. పోగువేసి మరచిపోవడం ఎరువు చేయడం కాదన్నమాట.

కర్తవ్యం

మసీదు ఆవరణ, ఈద్‌గాహ్, ఖబ్రస్తాన్, దర్గా వంటి స్థలాలలో చెట్లు ఉంటాయి, ఆకు రాలుతుంది. సమాధులకు దూరంగా ఒక మూల మీటరు లోతు గోతులు రెండు త్రవ్వితే, ఒకటి నిండేలోగా రెండవది మాగుతుంది. రమజాన్ మాసంలో ఇఫ్తార్ తరువాత మిగిలే పండ్ల తొక్కలు ఎండుటాకుకు కావలసిన నత్రజనిని సమకూర్చుతాయి. దర్గాలలో సమర్పించిన పూలను మురికితో కలపడానికి ఎవరి మనస్సూ ఒప్పదు. వాటిని విడిగా మాగబెట్టి అక్కడి మొక్కలకే వేస్తే ఆ గౌరవమూ నిలుస్తుంది. చెట్టు నాటినవానికి దాని ఫలాన్ని తిన్న ప్రతి ప్రాణి వలన సదఖా పుణ్యం లభిస్తుందన్న ప్రవక్త బోధన ఎరిగినవారికి, ఆ చెట్టు వేరుకు ఆహారం పెట్టడం కూడా ఆ పుణ్యకార్యంలో భాగమేనని వేరుగా చెప్పనక్కరలేదు.

దీనితోపాటు ఊడ్చే మనిషి విషయం మరువరాదు. ఎరువు అమ్మగా వచ్చిన సొమ్ములో అతనికి వాటా, చేతికి తొడుగు, నోటినిండా పలకరింపు ఉన్నచోటనే ఈ పని నిలుస్తుంది. గుల్షనాబాద్ అన్న పేరు ఒకనాటి పాలకులు పెట్టినది. ఆ పేరును నిలుపుకోవలసిన బాధ్యత మాత్రం నేటి పౌరులది. అది గుమ్మం ముందు రాలిన ఆకును వేరుగా ఎత్తిపెట్టడంతోనే మొదలవుతుంది.